నేనున్నాగా ఇస్సాకు

ఇస్సాకు ఇంట్లో పనులన్నీ ఇస్సాకు చేసేవాడు, పేరు మాత్రం దేవుడికి పోయేది. అదీ అతని బాధ.

జర్మనీలో వీసా పొడిగింపు కోసం తెల్లవారుజామున చలిలో ఆఫీసు ముందు నిలబడి ముక్కు ఎర్రబడేలా వణికిందీ ఇస్సాకే. కార్డు చేతికి రాగానే అతని భార్య సుమిత్ర కళ్ళు మూసుకుని, "స్తోత్రం తండ్రీ, నువ్వు లేకపోతే ఇది అయ్యేదా!" అంది. అంతకుముందున్న ఇంట్లో లిఫ్టు లేదని వాషింగ్ మెషిన్ను వీపు మీద పెట్టుకుని మెట్లెక్కించి, ఆ తర్వాత చాలాకాలం వంగి నడిచిందీ ఇస్సాకే.

"దేవుడు ఎక్కించాడు కాబట్టి ఎక్కింది" అంది సుమిత్ర.

"ఎక్కించింది నేను కదే!"

"అదే నేనూ చెప్పేది. ఆయన మీ చేత ఎక్కించాడు."

ఈ మాట పెళ్ళయిన ఏడేళ్ళుగా ఇస్సాకు వింటూనే ఉన్నాడు. అతనేమీ నాస్తికుడు కాడు. చీరాలలో చర్చి పక్కనే పుట్టి పెరిగినవాడు. దేవుడంటే గౌరవమే. కాకపోతే కంపెనీ ఛైర్మన్ని గౌరవించినట్టు గౌరవించేవాడు. ఆయన పైన ఉంటాడు, పని మాత్రం మనమే చేసుకోవాలి అన్నది అతని లెక్క. ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందుకొచ్చి గుండె మీద చెయ్యి వేసుకుని, "నేనున్నాగా!" అనేవాడు. అందుకే చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న తెలుగువాళ్ళంతా అతన్ని నేనున్నాగా ఇస్సాకు అని పిలుచుకునేవారు.

అతనికి కావలసింది పెద్ద కోరికేం కాదు. సుమిత్ర ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పైకి కాకుండా తన మొహంలోకి చూసి, "థాంక్సండీ, ఇది మీరు చేశారు" అనాలి. అంతే.

అప్పటికి కరోనా రెండో శీతాకాలానికి వచ్చింది. ఇస్సాకు ఆఫీసు వాల్డార్ఫ్‌లో. అద్దె తక్కువని అక్కడికి కారులో అరగంట దూరంలో, కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో పాత ఇల్లు తీసుకున్నారు. ఇప్పుడు ఆఫీసుకి వెళ్ళే పనే లేదు. ఊళ్ళో బేకరీ తప్ప అన్నీ మూసేశారు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడేది. పొగమంచు వీధి చివర నుంచి మెల్లగా వచ్చి ఒక్కో ఇంటినీ తనలోకి తీసుకునేది. ఎనిమిది దాటితే గడప దాటకూడదని ప్రభుత్వం వారి ఆజ్ఞ. అంతటా ఎంత నిశ్శబ్దమంటే, పక్కింటి గడియారం కొట్టుకోవడం కూడా వినిపించేది. పక్కింట్లో ఎవరూ లేరు. వాళ్ళు పోయి ఏడాదైంది. గడియారానికి ఎవరు కీ ఇస్తున్నారో తెలియదు.

ఆ వీధిలో కదిలేది ఒకే ఒక్కటి, ఎదురింటి కర్టెన్. దాని వెనక ఫ్రావ్ బెట్జ్ అనే ఎనభై ఏళ్ళ ముసలమ్మ పొద్దస్తమానం కూర్చునేది. ఎవరి ఇంటికి ఎవరొచ్చారు, ఎవరు చెత్త ఏ డబ్బాలో వేశారు, అన్నీ ఆవిడకు తెలుసు. ఇస్సాకు ఆవిడకు సీసీటీవీ అవ్వ అని పేరు పెట్టాడు.

సుమిత్ర పక్క ఊళ్ళోని వృద్ధాశ్రమంలో నర్సు. ఇస్సాకు నేలమాళిగలో బల్ల వేసుకుని, అక్కడే తన ఆఫీసు పెట్టుకున్నాడు. కింద వైఫై బాగా అందుతుందని పైకి చెప్పేవాడు గానీ, అక్కడ కూర్చుంటే సుమిత్రకు కనబడనన్నది అసలు కారణం. కనబడితే బాత్రూం కొళాయి కారుతోందని గుర్తు చేస్తుంది. ఆ కొళాయి వాళ్ళు ఇంట్లో దిగిన రోజు నుంచీ కారుతోంది.

ఒక సాయంత్రం ఇస్సాకు ఒక్కడే కింద కూర్చుని ఉండగా గోడ లోపలి నుంచి ఎవరో అతన్ని పిలిచారు.

"ఇస్సాకు..."

అతను తల తిప్పాడు. ఎవరూ లేరు. బాయిలర్ చప్పుడు ఆగి ఉంది.

"ఇస్సాకును నీ చేతికి అప్పగిస్తున్నాను..." అంది గోడ.

తనని ఎవరికో అప్పగిస్తున్నారు. ఎవరికి, ఎందుకు, ఏ షరతుల మీద అన్నది తెలియడం లేదు. కుర్చీ పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. కాసేపటికి అదే గొంతు, "ఆయనకి కాస్త బుద్ధి కూడా దయచేయి తండ్రీ, ఆమెన్" అంది. అప్పుడు గుర్తుపట్టాడు. అది సుమిత్ర గొంతు.

టార్చి పట్టుకుని వెతికితే అసలు సంగతి బయటపడింది. ఆ ఇల్లు కట్టినవాడు మేడ మీది చిన్న గది నుంచి నేలమాళిగ దాకా గోడలో ఒక రేకు గొట్టం పెట్టించాడు. పైన చిన్న తలుపు తెరిచి మాసిన బట్టలు పడేస్తే, జారుకుంటూ వచ్చి కింద బుట్టలో పడతాయి. సుమిత్ర రోజూ ప్రార్థన చేసుకునేది ఆ చిన్న గదిలోనే. అక్కడ ఆవిడ గుసగుసలాడినా సరే, ఇక్కడ చెవిలో చెప్పినట్టు వినబడుతోంది.

"తండ్రీ, పెరుగన్నంలోకి కరివేపాకు లేక ప్రాణం ఉసూరుమంటోంది. నీకు అసాధ్యమైనది లేదు" అంది గొట్టం.

ఇస్సాకు బుర్రలో బల్బు వెలిగింది. వెంటనే కొలోన్‌లో ఉన్న స్నేహితుడు మురళీకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు.

"ఒరేయ్, సుమిత్ర ఏం అడిగినా ఇక మీదట నేనే తీరుస్తా. తనకి తెలియకుండా. నెలాఖరున తన పుట్టినరోజు. ఆ రోజు కేకు ముందు నిలబెట్టి, 'ఇన్నాళ్ళూ నీ ప్రార్థనలు విన్న దేవుణ్ణి నేనే' అని చెప్తా. అప్పుడు చూడాలి మొహం!"

"అంటే దేవుడి పోస్టుకి అప్లై చేశావన్నమాట" అన్నాడు మురళీ. "జీతమెంతరా?"

"ఒక్క థాంక్స్."

"ఆ కాస్త జీతానికి అంత ఉద్యోగమా? ఆలోచించుకో."

ఆలోచించుకునే ఓపిక ఇస్సాకుకు ఎక్కడిది? మర్నాడే మన్‌హైమ్ దాకా కారేసుకుని పోయి, ఏషియన్ కొట్లో కరివేపాకు కొని, గుమ్మం ముందు పెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి కింద కూర్చున్నాడు.

"స్తోత్రం!" అని పైనుంచి కేక వినబడింది. "ఏమండీ, ఎవరో మహానుభావులు గుమ్మంలో కరివేపాకు పెట్టి వెళ్ళారు! దేవదూత అయ్యుంటుంది."

"అయ్యుంటుంది, అయ్యుంటుంది" అన్నాడు ఇస్సాకు నవ్వు ఆపుకుంటూ.

ఆ వారం దేవుడికి పని పెరిగింది. చపాతీ పిండి అడిగింది, తెచ్చాడు. మర్నాడు గొట్టంలోంచి, "తండ్రీ, నీకు తెలియనిది కాదు, చపాతీకి వెయ్యిన్ని యాభై నంబరు పిండి కావాలి. నీ దూత నాలుగువందల అయిదు తెచ్చాడు, అది కేకుల పిండి. ఆ దూతకు కాస్త చదువు చెప్పించు" అని వినబడింది. ఇస్సాకు పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ కొట్టుకు పోయాడు. కారు సర్వీసుకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, అడిగింది. దొరికే దాకా ఫోను వదల్లేదు. బాత్రూం కొళాయి గురించి కన్నీళ్ళతో వేడుకుంది. ఆవిడ డ్యూటీకి వెళ్ళగానే రెంచి తీసుకుని పైకి పరిగెత్తాడు.

తర్వాత మంచు పడింది. ఇంటి ముందు నడకదారి మీద మంచు పొద్దున్నే తీసేయడం ఇంట్లో ఉన్నవాళ్ళ బాధ్యత, ఎవరైనా జారిపడితే తప్పు వాళ్ళదే. "తండ్రీ, నా వల్ల కాదు, నువ్వే తీయించు" అంది సుమిత్ర. ఇస్సాకు ఆవిడ లేవకముందే లేచి పార పట్టాడు. ఎదురింటి కర్టెన్ కొంచెం పక్కకి జరిగింది. ఇస్సాకు వేలు పెదవుల మీద పెట్టుకుని సీసీటీవీ అవ్వను బతిమాలాడు. కర్టెన్ యథాస్థానానికి వచ్చింది.

"ఏమండీ, నడుం పట్టుకున్నారేం?" అంది సుమిత్ర కాఫీ ఇస్తూ.

"హోమాఫీసు కుర్చీ."

"పాపం. బయట చూశారా, మంచంతా మాయం! ఆ దూత ఎవరో గానీ భలే గట్టివాడండీ."

ఆ ఒక్క మాటకి ఇస్సాకు నడుం నొప్పి సగం తగ్గింది.

తగ్గని సగంతో మధ్యాహ్నం నేలమాళిగలో మూలుగుతూ, "ఒక్క అమృతాంజనం సీసా ఉంటే బాగుండు" అని తనలో తాను గొణుక్కున్నాడు. వినడానికి అక్కడ ఎవరూ లేరు. సుమిత్ర పైన పడుకుని ఉంది. తలుపు తాళం వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకుని కాసేపు బయటికి వెళ్ళి, తిరిగివచ్చి తాళం తీసి చూస్తే ల్యాప్‌టాప్ మీద అమృతాంజనం సీసా ఉంది.

ఇస్సాకు చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. గదికి తోట వైపు ఇంకో ఇనప తలుపు ఉంది గానీ, దాని తాళంచెవి వాళ్ళు అద్దెకు దిగకముందే పోయింది. ఆ తలుపు తెరుచుకోగా ఎవరూ చూడలేదు. తుప్పు పట్టి ఉంది. అతను సీసా మూత తీసి వాసన చూశాడు. అమృతాంజనమే. భయపడుతూనే రాసుకున్నాడు. నొప్పి తగ్గింది, భయం పెరిగింది.

రెండు రోజులు నోరు కట్టేసుకున్నాడు. మూడో రోజు పొరబాటున, "చేగోడీలు తిని ఎంత కాలమైందో" అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. సాయంత్రం మీటింగుకి కిందికి దిగేసరికి, వేసిన తాళం వేసినట్టే ఉంది, బల్ల మీద పళ్ళెంలో చేగోడీలు ఉన్నాయి. పాతిక దాకా ఉంటాయి. గదిలో మరో మనిషి ఇప్పుడే ఊపిరి పీల్చి వదిలినట్టు గాలి వెచ్చగా తగిలింది.

మీటింగులో జర్మన్ మేనేజరు, "ఇస్సాకు, నువ్వు తెల్లగా కనబడుతున్నావు" అన్నాడు. జీవితంలో మొదటిసారి అలా అనిపించుకున్నందుకు సంతోషించే స్థితిలో అతను లేడు. చేగోడీలు మాత్రం తిన్నాడు. దెయ్యమైనా సరే, ఉప్పూకారం సరిగ్గా వేసిందని ఒప్పుకున్నాడు.

సుమిత్రకు చెప్పుకుందామా అంటే, చెప్తే తన బండారం బయటపడుతుంది. పుట్టినరోజు ఇంకా రెండు వారాలుంది. అందుకని దెయ్యాన్ని కూడా తానే పట్టుకుందామని నిశ్చయించుకున్నాడు. నేనున్నాగా! పనికిరాక మిగిలిపోయిన నాలుగువందల అయిదు నంబరు పిండిని నేలమాళిగ గచ్చు మీద గోడ నుంచి గోడ దాకా పలచగా చల్లి, "కాస్త నిమ్మకాయ పచ్చడి" అని గట్టిగా అని, తాళం వేసి, బూట్లు తొడుక్కుని, ఆ రోజు ప్రార్థన తాలూకు టమాటాలు కొనడానికి వెళ్ళాడు.

వచ్చి చూశాడు. బల్ల మీద పచ్చడి సీసా ఉంది. పిండిలో అడుగులున్నాయి. తెరుచుకోని ఇనప తలుపు దగ్గర మొదలై, తిన్నగా బల్ల దాకా వచ్చి, వెనక్కి తిరిగి మళ్ళీ ఆ తలుపు దగ్గరే ఆగిపోయాయి. ఇస్సాకు మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేశాడు. ఎడమ మడమ దగ్గర అరుగు. బొటనవేలి కింద చిన్న చిరుగు.

అవి తన చెప్పుల జాడలే.

పైకి పరిగెత్తి చూస్తే చెప్పులు ఎప్పుడూ ఉండే చోటే బుద్ధిగా ఉన్నాయి. తాకితే చల్లగా, తడిగా తగిలాయి.

"ఏంటండీ, చెప్పుల ముందు సాష్టాంగపడ్డారు?" అంది సుమిత్ర వంటింట్లోంచి.

"ఏం లేదు. చూస్తున్నా."

"ఈమధ్య అదోలా ఉంటున్నారు. మీ కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేయమంటారా?"

"వద్దు! నువ్వింకేం అడగొద్దు!" అన్నాడు ఇస్సాకు.

ఆ మర్నాడే వృద్ధాశ్రమం నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ నలుగురికి కరోనా సోకింది. సాయంత్రానికి సుమిత్రకు జ్వరం తగిలింది.

ఆవిడ చిన్న గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఇస్సాకు బయట నిలబడి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏం భయం లేదు. నేనున్నాగా!"

"ఉన్నారు లెండి" అంది సుమిత్ర దగ్గుతూ. "మాస్కు ముక్కు మీదికి లాక్కోండి."

ఇస్సాకు పనిలోకి దిగాడు. థర్మామీటరు, ఆవిరి యంత్రం, వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు, బత్తాయి రసం, అన్నీ తలుపు ముందు వరుసగా పెట్టాడు. సుమిత్ర లోపలి నుంచి అంకె చెప్పేది. తొంభై ఆరు. మర్నాడు తొంభై అయిదు. ఆ మర్నాడు తొంభై మూడు. తొంభై రెండు కిందికి దిగితే అంబులెన్సు పిలవమని డాక్టరు ఫోన్లో చెప్పాడు. ఆసుపత్రుల్లోకి భర్తల్ని రానివ్వడం లేదన్నది ఇస్సాకుకు తెలుసు. అంబులెన్సు తలుపు మూసుకుంటే మళ్ళీ ఎప్పుడు చూస్తానో అన్న ఆలోచన వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

ఆదివారం వచ్చింది. ఆ దేశంలో ఆదివారం నాడు ఉప్పురాయి కొందామన్నా దొరకదు. మధ్యాహ్నం నుంచి మంచు ఆగకుండా కురిసి వీధిని పూడ్చేసింది.

"ఏమండీ, కాస్త మిరియాల చారు ఉంటే తాగేదాన్ని. ఇంకేమీ దిగడం లేదు" అంది సుమిత్ర. మూడు రోజుల్లో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఇస్సాకు చారు పెట్టాడు. మొదటిది మాడింది. రెండోదాంట్లో చింతపండు ఎక్కువై గరిటె కూడా మొహం చిట్లించింది. మూడోది చూడ్డానికి చారులాగే ఉంది. సుమిత్ర ఒక చెంచా తాగి, "వద్దండీ" అంది. వాసన, రుచి పోయిన మనిషి కూడా వద్దన్న చారు అది.

చీకటి పడుతుండగా నేలమాళిగలోకి దిగి, గొట్టం పక్కన కూర్చున్నాడు. లైటు వేయలేదు. దెయ్యం భయం ఎప్పుడో పోయింది. ఇప్పుడు అంతకన్నా పెద్ద భయం వచ్చి కూర్చుంది. గొట్టంలోంచి సుమిత్ర గొంతు చాలా సన్నగా, ఎక్కడో నూతి అడుగు నుంచి వస్తున్నట్టు వినబడింది.

"తండ్రీ, నాకేమీ వద్దు. ఆయన కింద ఒక్కడే కూర్చుని భయపడుతున్నాడు. పైకి చెప్పడు. అన్నీ తానే మోద్దామనుకుంటాడు. ఆయన భయం తీసెయ్యి."

తర్వాత మాటలు ఆగిపోయాయి. ఊపిరి మాత్రం వినబడుతోంది. రేకు గొట్టం పొడుగునా, గీసుకుంటూ, ఒకటి, చాలాసేపటికి ఇంకొకటి.

ఇస్సాకు లేచాడు. లేచి ఎక్కడికి పోవాలి? ఈ ఒక్క ప్రార్థనకి కావలసింది మన్‌హైమ్‌లో దొరకదు. కారేసుకుని తేవడానికి, పార పట్టి తీయడానికి, రెంచితో బిగించడానికి ఏమీ లేదు. నేనున్నాగా అనలేకపోయాడు. మళ్ళీ కూర్చుని గోడకి నుదురు ఆనించాడు. నోరు కదపలేదు, చప్పుడు చేయలేదు. లోపల్లోపలే అనుకున్నాడు. నా వల్ల కాదు. నువ్వున్నావా?

పైన వీధి తలుపు మీద ఎవరో తట్టారు. రెండే దెబ్బలు, మెల్లగా.

ఇస్సాకు మెట్లెక్కి తలుపు తీశాడు. ఎవరూ లేరు. గడప మీద ఒక స్టీలు క్యారేజీ ఉంది. రెండు గిన్నెల క్యారేజీ, మన పెళ్ళిళ్ళలో చదివించేలాంటిది. చుట్టూ ఆవిరి లేస్తోంది. మంచు గేటు నుంచి గడప దాకా తెల్లగా, నున్నగా పరుచుకుని ఉంది. దాని మీద ఒక్క అడుగు కూడా లేదు.

క్యారేజీ పట్టుకుంటే చెయ్యి కాలింది. మూత మీద, మనవాళ్ళు పేర్లు చెక్కించుకునే పద్ధతిలో, చుక్కలు చుక్కలుగా "హైమావతి" అని చెక్కి ఉంది. కింది గిన్నెలో మెత్తటి అన్నం, పై గిన్నెలో మిరియాల చారు.

అతను ఆలోచించలేదు. తీసుకెళ్ళి పైన తలుపు ముందు పెట్టి తట్టాడు. కాసేపటికి లోపల గిన్నె చప్పుడైంది. ఆ తర్వాత సుమిత్ర గొంతు వినబడింది.

"ఏమండీ... దీని వాసన తెలుస్తోందండీ."

ఇస్సాకు తలుపు బయటే నేల మీద కూర్చుని ఏడ్చాడు. పొద్దున అంకె తొంభై అయిదు అయింది.

పుట్టినరోజు నాటికి సుమిత్ర లేచి తిరుగుతోంది. కేకు ముందు నిలబడి ఇస్సాకు గొంతు సవరించుకున్నాడు. ఇన్ని రోజుల కష్టం, వదులుకోవడానికి ప్రాణం ఒప్పలేదు.

"సుమిత్రా, నీకొక సంగతి చెప్పాలి. ఆ దేవదూత..."

"మీరే" అంది సుమిత్ర కేకు కోస్తూ. "కూర్చోండి."

ఇస్సాకు కూర్చున్నాడు.

"నా మాటలు గొట్టంలోంచి కిందికి దిగితే, మీ మాటలు పైకి ఎక్కవా? మొదటి రోజే మురళీ అన్నయ్యతో మీరన్నదంతా విన్నాను. దేవుడి పోస్టుకి ఒక్క థాంక్స్ జీతమట!"

"మరి... ఆ ప్రార్థనలు?"

"మూడేళ్ళుగా కొళాయి బాగు చేయమని మీకు చెప్పాను, అవలేదు. దేవుడికి చెప్పాను, మర్నాటికి అయిపోయింది. ఇక ఎవరికి చెప్పుకోమంటారు?"

"అమృతాంజనం? చేగోడీలు?"

"తోట తలుపు తాళంచెవి పూలకుండీ కింద దొరికింది. నూనె పోస్తే తిరిగింది. బయట చలి కదా అని మీ చెప్పులు తొడుక్కెళ్ళాను. గచ్చు మీద ఆ పిండేంటండీ? కడిగేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నా కోసం అంత తిరుగుతున్నారు, మీకేమైనా చేయాలనిపించింది. మీరు బిగుసుకుపోవడం చూస్తే నవ్వు కూడా వచ్చింది, అబద్ధమెందుకు."

ఇస్సాకు కేకు ముక్కను వేలితో అటూ ఇటూ జరిపాడు. ఆ సమయంలో నేలమాళిగలోకి పోయి తాళం వేసుకోవాలనిపించింది గానీ, ఆ తాళంతో లాభం లేదని ఇప్పుడు తెలిసిపోయింది.

"అయితే ఆ చారు కూడా..."

సుమిత్ర నవ్వు ఆపింది. దగ్గరికొచ్చి ఎదురుగా కూర్చుని, పైకి కాకుండా అతని మొహంలోకి చూసింది.

"ఆ చారు మాత్రం మీదే. ఆ మంచులో, ఆదివారం పూట ఎక్కడికి పోయి, ఎవరిని బతిమాలి తెచ్చారో నాకు తెలియదు. ఆ రోజు నేను బతకననుకున్నాను. థాంక్సండీ. అది మీరు చేశారు."

ఏడేళ్ళుగా ఎదురుచూసిన మాట. అచ్చం అతను అనుకున్న మాటలే, అనుకున్న వరుసలోనే. నోరు మూసుకుని తలూపితే చాలు.

"అది నేను కాదు సుమిత్రా" అన్నాడు ఇస్సాకు.

సుమిత్ర కత్తి పక్కన పెట్టింది. మురళీకి ఫోన్ చేశారు. "ఏ క్యారేజీరా?" అన్నాడతను. సుమిత్ర చారు సంగతి ఎవరికీ చెప్పలేదు. హైమావతి అనే పేరు గలవాళ్ళు వాళ్ళకి ఆ దేశంలో గానీ, చీరాలలో గానీ తెలియదు. ఇస్సాకు మాస్కు పెట్టుకుని వీధి దాటి సీసీటీవీ అవ్వని అడిగాడు. ఆవిడ కిటికీ కొంచెం తెరిచింది.

"ఆ ఆదివారమా? సాయంత్రమంతా ఇక్కడే ఉన్నాను. ఎవరూ రాలేదు" అంది. "నువ్వే తలుపు తీశావు. వంగి ఏదో ఎత్తుకున్నావు. అప్పటిదాకా ఖాళీగా ఉన్న గడప మీద అదెప్పుడు వచ్చిందో నేను చూడలేదు. నేను చూడకుండా ఈ వీధిలో ఏమీ జరగదు." అని కిటికీ మూసేసుకుంది.

క్యారేజీ కడిగి బల్ల మీద పెట్టుకుని ఇద్దరూ దాని వంక చూస్తూ కూర్చున్నారు.

"ఎవరిదైనా సరే, ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు" అంది సుమిత్ర.

ఇస్సాకు లేచి వంటింట్లోకి వెళ్ళాడు. ఈసారి సుమిత్ర పక్కన నిలబడి చెప్తుంటే, తన చేత్తో చారు పెట్టాడు. క్యారేజీ నింపి, సాయంత్రం గడప మీద పెట్టి తలుపేశాడు. తర్వాత ఏమీ తోచక కిందికి వెళ్ళి గొట్టం పక్కన కూర్చున్నాడు.

"తండ్రీ" అంది గొట్టం. "కరివేపాకు తెచ్చినందుకు, మంచు తీసినందుకు, ఆయన్ని నాకిచ్చినందుకు స్తోత్రం. ఇది రోజూ చెప్పేదే, నీకు తెలుసు. ఈ రోజు 'నేను కాదు' అన్నందుకు ఇంకో స్తోత్రం." వెంటనే, "ఇంకొకటి. ఆ కొళాయి మళ్ళీ కారుతోంది."

ఇస్సాకు రెంచి తీసుకుని మెట్లెక్కాడు. వీధి తలుపు ముందుకు వచ్చేసరికి బయట స్టీలు గిన్నె మీద గిన్నె తగిలిన చప్పుడు చిన్నగా వినబడింది. తలుపు తీశాడు. గడప ఖాళీగా ఉంది. తన పాత అడుగుల్ని పూడ్చేసిన కొత్త మంచు గేటు దాకా నున్నగా ఉంది. ఎదురింటి కర్టెన్ పక్కకి తొలగి ఉంది. ఫ్రావ్ బెట్జ్ అతని వంక చూసి, ఎవరూ లేరన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఏమండీ, క్యారేజీ మీరు తీశారా?" అంది సుమిత్ర పైనుంచి.

"నేను కాదు" అన్నాడు ఇస్సాకు.

తలుపు మెల్లగా మూసి, మేడ మీదికి వెళ్ళి కొళాయి బిగించాడు. ఆ తర్వాత అది మళ్ళీ ఎప్పుడూ కారలేదు. బిగించింది తానేనని మాత్రం ఇస్సాకు ఎవరితోనూ అనలేదు.